చిట్టాలో చివరి వరుస

“మేడమ్, నా మెయిల్ తెరుచుకోవట్లేదు. ఎన్నిసార్లు కొట్టినా పాస్‌వర్డే అడుగుతోంది.”

“నాదీ అంతే మేడమ్.”

లిఫ్టుల కంపెనీ యజమానురాలు తనది కొట్టి చూసుకుంది. రాలేదు. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ మళ్ళీ కొట్టింది. అయినా రాలేదు.

అప్పటికి తొమ్మిదిన్నర. పెద్దాసుపత్రి లిఫ్టుల టెండరు పన్నెండు లోపల కంపెనీ మెయిల్ నుంచే వెళ్ళాలి. అది చేజారితే వర్క్‌షాపు మూసుకోవాల్సిందే.

“ఇంకెవరు? ఆయనే!” అంది పళ్ళు నూరుతూ. “పోతూ పోతూ తాళం వేసుకుపోయాడు.”

ఆయనంటే చిట్టా మాస్టారు. కంపెనీ సొంత మెయిల్ సర్వర్‌ను మెట్ల కింది గదిలో పదకొండేళ్ళు కనిపెట్టుకుని ఉన్న మనిషి. ఏ చిన్న తేడా వచ్చినా నోటుబుక్కులో మూడు గళ్ళు నింపేవాడు. సమస్య, కారణం, చేసిన పని.

“మాస్టారూ, నేను తుమ్మాను, చిట్టాలో రాసుకోండి,” అని ఆఫీసంతా ఏడిపించేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

నిన్న సాయంత్రం ఆమె ఆయన్ని ఉద్యోగంలోంచి పంపేసింది. కంపెనీ కొటేషన్ పోటీవాళ్ళ చేతికి చేరింది. అదీ ఆయన మెయిల్ ఖాతా నుంచే.

“మీరేనా మాస్టారూ?” అని అడిగింది, కాదంటాడన్న ఆశతోనే.

“నేను ముందే చెప్పలేదా అక్కా!” అన్నాడు పక్కనున్న తమ్ముడు. అమ్మానాన్నా పోయాక ఆమె తన చేతుల మీద పెంచిన తమ్ముడు, ఆఫీసులో అందరికీ చిన్నసారు.

మాస్టారు ఒకసారి తమ్ముడి వంక, ఒకసారి ఆమె వంక చూశాడు.

“నేనేనమ్మా,” అన్నాడు చివరికి.

ఆమె ఒక్క ఉదుటున లేచింది. సొంత అన్నలా నమ్మితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు! ఆయన చేతిలోని ఆఫీసు ఫోను లాక్కుని సొరుగులో పడేసింది. ఆయన ఖాతా పాస్‌వర్డు తనే మార్చేసింది. ఆ పని చేయడం ఆమెకు నేర్పింది కూడా ఆయనే. వెళ్తూ ఒక కవరు అందించబోతే, టేబుల్ మీద పెట్టి పొమ్మంది.

పదిన్నరకు సర్వర్లు బాగుచేసే అమ్మాయి వచ్చింది.

“సర్వర్ పాస్‌వర్డులు ఎవరి దగ్గరున్నాయి మేడమ్?”

అప్పుడు గుర్తొచ్చి ఆ కవరు చించింది. గుండ్రటి అక్షరాల్లో అన్నీ ఉన్నాయి.

“తాళం వేసుకుపోయేవాళ్ళు తాళంచెవులు ఇచ్చిపోతారా?” అంది అమ్మాయి.

యజమానురాలికి ఆ మాట నచ్చలేదు. మెట్ల కింది గదిలోకి విసురుగా దారితీసింది.

అమ్మాయి తెర మీద వరుసలు చదివింది.

“మీ పాస్‌వర్డులన్నీ సరైనవే. ఎవరో పొద్దుట్నుంచి నిమిషానికోసారి తప్పు పాస్‌వర్డు కొడుతున్నారు. సర్వర్‌కి మీ ఆఫీసంతా ఒకే గుమ్మం. దొంగెవడో తడుముతున్నాడనుకుని గుమ్మమే మూసేసింది.”

“ఎవరి ఖాతాలోకి?”

“నిన్న మానేసిన ఆయనదే.”

“చూశావా! ఇంట్లో కూర్చుని తలుపులు బాదుతున్నాడు!”

“ఇంట్లోంచి కాదు మేడమ్. ఈ ఆఫీసులోంచే. ఏదో కంప్యూటర్లో ఆయన పాత పాస్‌వర్డు ఉండిపోయింది. అదే దానంతటది కొడుతోంది.”

అమ్మాయి ఒక్కో వైరూ పీకి చూస్తూ వచ్చింది. ఆఖరి వైరు పీకగానే వరుసలు ఆగిపోయాయి.

ఆ వైరు తమ్ముడి బల్ల దగ్గరికి వెళ్ళింది. పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచిపెట్టి, లిఫ్టు చూసొస్తానని అతను సైటుకి వెళ్ళాడు.

“ఎప్పుడో దీన్ని బాగుచేస్తూ మాస్టారు తన ఖాతా తెరిచి, తీసేయడం మరిచిపోయినట్టున్నారు,” అంది అమ్మాయి. తర్వాత గొంతు తగ్గించింది. “మీరు చెప్పిన ఆ కొటేషన్ కూడా దీన్నుంచే వెళ్ళింది మేడమ్.”

ఆమె తమ్ముడి కుర్చీలోనే కూలబడింది.  గోరుముద్దలు తినిపించిన చేతులతోనే ఆ ల్యాప్‌టాప్ మూసేసింది.

పదకొండూ నలభైకి టెండరు వెళ్ళిపోయింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఆమెకు వినపడలేదు.

మరి ‘నేనే’ అని ఎందుకన్నాడు? అడగాలని మాస్టారి నంబరు నొక్కింది.

సొరుగులో ఫోను మోగింది.

ఆయన ఇల్లెక్కడో ఎవరికీ తెలియదు. పదకొండేళ్ళలో ఆమె ఒక్కసారైనా అడగలేదు.

అమ్మాయి సర్వర్ గదిలోంచి నోటుబుక్కు పట్టుకొచ్చింది.

“ఇవాళ్టిది కూడా ఇందులో రాయనా మేడమ్? ఆయన ఏదీ వదిలిపెట్టలేదు.”

ఆమె చివరి పేజీ తిప్పింది. ఆఖరి వరుసకు నిన్నటి తేదీ ఉంది.

సమస్య: నా ఖాతా నుంచి కొటేషన్ బయటికి వెళ్ళింది.

కారణం: చిన్నసారు ల్యాప్‌టాప్.

చేసిన పని: నేనే అని ఒప్పుకున్నాను, అమ్మకు ఉన్నది ఆ తమ్ముడొక్కడే.