సాక్ష్యం వెనక సంగీతం

మరుదులు లేరు, ఆడపడుచులు లేరు, ఉన్నది ఒక్క బావగారే అని సంబరపడి ప్రేమజ్యోతి తల్లి పెళ్ళి చేసింది. ఆ ఒక్క లాజరే పదిమందికి సమానమని ఆమెకెవరూ చెప్పలేదు.

తమ్ముడి ఇంటికి వచ్చినప్పుడల్లా చెప్పులు విడవకముందే మొదలుపెడతాడు.

"ఏమ్మా, ఇంకా ఆ సీరియల్ రాగాలేనా? మనిషి ఏడిస్తే కుయ్యిమని, తలుపు తీస్తే ధనామని. అదీ ఒక పనేనా?"

పనే. బేతంచెర్లలో, మేడ మీది గదిలో కూర్చుని ఆమె రోజూ ఏడున్నరకు వచ్చే సీరియల్‌కు నేపథ్య సంగీతం కడుతుంది. బండలు పాలిష్ పట్టే మిషన్ల రొద కిటికీ మూసినా ఆగదు. అందుకని కూలీలు అన్నానికి లేచిన గంటలోనే రికార్డు చేసుకుంటుంది.

ఆమె కట్టినవాటిలో ఒకటి ఊరందరికీ తెలుసు. లోతుగా గుమ్మనే శ్రుతి. దాని కింద గుండె కొట్టుకుంటున్నట్టు చప్పుడు. ఉండుండి ఒక్క గంట. తప్పు చేసినవాడు దొరికిపోయే ముందే అది వస్తుంది. వినపడగానే పక్కింటి జీవమ్మ పొయ్యి కట్టేసి టీవీ ముందుకు ఉరుకుతుంది, "దొరికినాడే!" అంటూ.

భర్త శామ్‌కు మాత్రం అది పడదు. ఆమె పని చేస్తున్నంతసేపూ పక్కనే టీ తాగుతూ కూర్చుంటాడు గానీ, ఆ గంట మోగితే గ్లాసు తీసుకుని కిందికి దిగిపోతాడు. గుండెదడ అంటాడు. మెతక మనిషి.

మూడేళ్ళ కిందట హైదరాబాదు నుంచి ఒక దర్శకుడు ఫోన్ చేశాడు, సినిమా మొత్తానికీ సంగీతం ఆమె చేతే చేయించుకోవాలని. ఆ వేళకు ఆమె ఫోన్ ఇంట్లో పెట్టి కూరగాయలకు పోయి ఉంది. ఎవరో మగమనిషి ఎత్తి, "మా ఇంటి ఆడోళ్ళు సినిమాలకు చేయరు" అని పెట్టేశాడు. సంగతి ఆమెకు తెలిసేసరికి సినిమా వేరేవాళ్ళ చేతికి పోయింది.

"ఆ పొద్దు అన్న వచ్చి పోయినాడు కదా," అన్నాడు శామ్ తల గోక్కుంటూ.

అడిగితే లాజరు చెయ్యి పైకెత్తాడు.

"ప్రభువు చూస్తాండాడు. నేను ఫోన్ ముట్టలేదమ్మా. ముట్టింటే నేనూ ఆ మాటే చెప్పింటా."

ఆ చివరి మాటతో ప్రేమజ్యోతికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

సినిమా పోయినందుకు ఏడ్చింది, ఊరుకుంది. చేసినవాడు నోరు తెరిచి ఒప్పుకోనందుకు మాత్రం మూడేళ్ళు రగిలింది. ఎప్పటికైనా నలుగురిలో ఆయన చేత ఆ మాట అనిపించాలి. ఈలోగా లాజరు భోజనానికి వస్తే నవ్వుతూ వడ్డించింది. కారం ఒక చెంచా ఎక్కువేసింది.

చివరికి దారి లాజరే చూపించాడు. వాళ్ళ చర్చిలో, దేవుడు తనకు చేసిన మేలు గురించి ఎవరు నిలబడి సాక్ష్యం చెప్పినా వెనక మెల్లగా కీబోర్డు వాయించడం వాడుక. వాయించేది ప్రేమజ్యోతి. ఆ ఆదివారం సాక్ష్యం సంఘపెద్ద లాజరుది.

తన ఆలోచన ఆమె ఎవరికీ చెప్పలేదు, శామ్‌కు కూడా.

లాజరు మైకు అందుకున్నాడు. "అబద్ధానికి ఆమడ దూరంలో ప్రభువు నన్ను ఎట్ల నడిపించినాడంటే..."

ఆమె వేళ్ళు లోతు శ్రుతి మీద దిగాయి. గుమ్మంది.

ఆడవాళ్ళ వైపు తలల మీది కొంగులు కదిలాయి. గుండె చప్పుడు మొదలైంది. జీవమ్మ పక్కామెను మోచేత్తో పొడిచింది. మొదటి గంట మోగేసరికి ఆ వరసలన్నీ లాజరును సీరియల్ దొంగను చూసినట్టు చూస్తున్నాయి.

లాజరు చలించలేదు. ఆయన ఇంట్లో టీవీయే లేదు. పైగా వెనక్కి తిరిగి మెచ్చుకోలుగా తలాడించాడు.

"శానా బాగుండాది. ఇంకొంచెం గట్టిగా వాయించమ్మా."

ఒళ్ళు మండింది. గట్టిగానే వాయించింది. తలెత్తకుండా వాయించింది. రెండో గంట. సీరియల్లో మూడో గంటకు ఎంతటివాడైనా దొరకాల్సిందే.

మూడో గంట.

మగవాళ్ళ వైపు కుర్చీ ఒకటి దబ్బున వెనక్కి పడింది. చెమటతో చొక్కా తడిసి, చేతులు జోడించి నిలబడి ఉన్నాడు శామ్.

"చాలు జ్యోతీ, నీకు తెలిసిపోయిందని తెలుస్తానే ఉండాది, ఇంక ఆపు... నువ్వు హైదరాబాదుకు పోతావేమోనని భయపడి ఆ పొద్దు ఫోనెత్తింది నేనే, తప్పు నాదే!"