క్షమాపణకు అడ్డుపడిన కావలి

దొంగలు ఎవరి గొంతుతోనైనా ఫోన్ చేయగలిగే రోజులు వచ్చాక, ఇంటింటి ఫోన్‌కూ ఒక కావలి యంత్రం అమరింది. గొంతుతో పాటు మాటతీరు కూడా సరిపోతేనే అది ఫోన్ కలిపేది.

అనకాపల్లి బస్సు డిపోలో మెకానిక్ అప్పలసూరి పొద్దున భార్య నూకరత్నంతో గొడవపడి వచ్చాడు. మనసాగక మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"రత్నం, తప్పు నాదేనే. మనసులో ఎట్టుకోకు."

"ఆయన ఇరవై రెండేళ్లలో ఈ మాట అనలేదు. మీరు దొంగ," అంది కావలి.

అతను మళ్లీ బతిమాలాడు.

"ఇంకోసారి అంటే పోలీసులకు చెబుతాను," అంది కావలి.

అప్పలసూరికి ఒళ్లు మండింది. "ఏటే, సెవుడా? ఫోనెత్తు!" అని అరిచాడు.

"ఇది ఆయన మాటే," అంటూ కావలి వెంటనే ఫోన్ కలిపింది.

అప్పటిదాకా కావలి ఇంట్లో వినిపిస్తున్న మాటలన్నీ విన్న నూకరత్నం నవ్వు ఆపుకుంటూ, "కావలిని ఇప్పుడే ఆపేసినాను. ఇందాకటి దొంగ సానా మంచోడు, ఓపాలి ఆడికియ్యి ఫోను," అంది.