మడుగులో సభ

అడవి మధ్యలో ఒక మడుగు, ఆ మడుగు నడుమ ఒక చిన్న దిబ్బ ఉండేవి. దిబ్బ మీద నీటికోళ్లు గూళ్లు కట్టుకుని బతికేవి. ఎండలు ముదిరేకొద్దీ గట్టు మీది అడవిదున్నలు మందలుగా మడుగులో దిగి పడుకోసాగాయి. అవి దిగినకొద్దీ నీళ్లు పైకి లేచి, దిబ్బ అంచున ఉన్న గూళ్లు ఒక్కొక్కటే మునిగిపోయాయి.

పెద్ద నీటికోళ్లు అడగడానికి జంకాయి. తుంగ అనే పడుచు నీటికోడి మాత్రం దున్నల పెద్ద గండయ్య దగ్గరికి వెళ్లింది.

"పెద్దయ్యా, మీలో సగంమంది చెట్ల నీడన పడుకుంటే మా గూళ్లు నిలుస్తాయి. మా అమ్మ పెట్టిన గుడ్లకి నీళ్లు ఇంక జానెడు దూరంలోనే ఉన్నాయి," అంది.

గండయ్య కళ్లు చెమర్చాయి. "ఇంత చిన్న వయసులో ఎంత ధైర్యమమ్మా నీకు. ఈ మాట అందరూ వినాలి. రేపే సభ పెడదాం," అన్నాడు.

మర్నాడు ఎండగా ఉందని సభ మడుగులోనే పెట్టారు. చుట్టుపక్కల మందలన్నీ వచ్చి మెడలోతు నీళ్లలో కూర్చున్నాయి. తుంగ గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడింది. దున్నలు తోకలతో నీళ్లు కొట్టి మెచ్చుకున్నాయి. తామరపూల దండ వేస్తే ఆ బరువుకి దాని మెడ వంగిపోయింది.

తుంగ తిరిగి చూసేసరికి దిబ్బ కనిపించలేదు. వాళ్లమ్మ తేలుతున్న గూటి పుల్లల చుట్టూ ఈదుతోంది.

"చక్కగా మాట్లాడావు తల్లీ," అన్నాడు గండయ్య, నీళ్లలోంచి లేవకుండానే. "వచ్చే ఏడు కూడా మీ దిబ్బ తరఫున నువ్వే రావాలి."

"ఏ దిబ్బ తరఫున, పెద్దయ్యా?" అని అడిగింది తుంగ.