రెండో ట్రే

"చూడు, అంతా నా చేతి చలవే!" అంటూ టైలరు నారు ట్రేని కూతురి ముందు పెట్టాడు.

నిన్నటిదాకా నిటారుగా ఉన్న క్యాబేజీ నారు మొదళ్లు దారప్పోగుల్లా సన్నబడి, మట్టి మీదికి ఒరిగిపోయింది.

"వానలు పూర్తిగా పోలేదు కదా నాన్నా. ఈ ఉక్కకి కుళ్ళక ఏం చేస్తుంది?"

"మీ అమ్మ వేస్తే ఎప్పుడైనా కుళ్ళిందా? ముప్ఫయ్యేళ్లు చూశాను, ఒక్క మొక్క ఒరగలేదు. అది పోయి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే నేను..."

కూతురు పాడైన మొక్కల్ని ఏరడం మొదలుపెట్టింది. "ప్రతి ఏడూ కుళ్ళేది."

"ఏంటీ?"

"అందుకే అమ్మ మెట్ల వెనక ఇంకో ట్రేలో నారు పెంచేది. నువ్వు లేచేలోపు కుళ్ళింది పారేసి, దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టేది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది."

"చెబితే కొడతానా?"

"మొదటి ఏడాది చెప్పిందట. నువ్వు కొట్లో అందరి ముందూ, దీనికి మొలకెత్తించడం కూడా చేతకాదని నవ్వావట."

టైలరు ఎంత వెతుక్కున్నా ఆ నవ్వు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చింది డాక్టరు మాట. భార్యని ఆర్నెల్ల ముందు తెచ్చి ఉంటే బతికేదన్నాడు.

"మీ అమ్మ కడుపునొప్పి... అది కూడా నీకు ముందే తెలుసా?"

ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది.

"దానికీ ఒట్టు వేయించుకుంది నాన్నా."