పాత జైలు కిటికీ

"లోపల నిలబడండి మామ్మగారూ, తలుపేస్తాను. ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది," అన్నాడు గైడు మైలో. "భయపడకండి, మళ్లీ తీస్తాలెండి!"

డోరిన్ పకపకా నవ్వింది. ఊళ్లో పాత జైలును మ్యూజియం చేశారని, మేనమామ భార్య వెర్నాను పట్టుబట్టి తీసుకొచ్చింది తనే. నలభై ఏళ్ల కిందట వెర్నా భర్త తరఫు వాళ్లెవరూ ఈ ఊళ్లో లేరు. అప్పుడు వెర్నా తమ్ముడు రాయ్ ఈ మేడ గదిలోనే ఉరేసుకున్నాడని డోరిన్‌కు ఎవరూ చెప్పలేదు.

వెర్నా లోపలికి వెళ్లింది. ఏమీ అనిపించలేదు. ఆనాడు కబురు విన్నప్పుడూ అంతే. ఊచల కిటికీ దగ్గరికి నడిచి కిందికి చూసింది.

"అది మా పుట్టింటి పెరడు," అంది.

"అవునా! చూశారా, దండెం మీద బట్టలు కూడా లెక్కపెట్టొచ్చు," అన్నాడు మైలో.

"పెరట్లోంచి చూస్తే మాకు ఈ గోడే కనిపించేది. ఆ వారమంతా రోజూ బట్టలు ఆరేశాను. చేతులు ఊరుకోక ఉతికినవే మళ్లీ ఉతికాను."

"ఏ వారం అత్తా?"

"మా తమ్ముడిని ఇక్కడ పెట్టిన వారం. చూసొస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. నా మొహం చూడకుండానే పోయాడనుకున్నాను."

డోరిన్ ఫోను దించేసింది. మైలో గబగబా తాళం తీయబోయాడు.

"ఆగు బాబూ," అంది వెర్నా, కిటికీ వదలకుండా. "ఇంకాసేపు చూడనీ."