కంచె దగ్గర ఫొటో

సెనేటర్ హార్లన్ పొద్దున సభలో ఆ పెద్ద ఫొటో చూపించి కన్నీళ్లు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం సరిహద్దులో విడిపోయిన కుటుంబాలను కలిపేందుకు తాను రాసిన వలస బిల్లుకే వ్యతిరేకంగా ఓటేశాడు. బిల్లు ఓడిపోయింది.

"మీ బిల్లే కదా సర్?" అన్నాను, ఆయన సహాయకురాలిగా ఫొటో మోసుకుంటూ వెనకే నడుస్తూ.

"అది నెగ్గితే నవంబర్లో ఏం చెప్పి ఓట్లడగను, పిచ్చిదానా?" అని నవ్వాడు. "ఫొటో జాగ్రత్త, యెసేనియా. పదిహేనేళ్లుగా నన్ను గెలిపిస్తోంది. ఈసారీ కావాలి."

ఫొటోలో ఆరేళ్ల పాప సరిహద్దు కంచె ఊచల్లోంచి తల్లి వేళ్లు పట్టుకుని ఉంది. పాప గడ్డం మీద పొడుగాటి మచ్చ.

నా గడ్డం మీదా అదే మచ్చ. పదిహేనేళ్లు ఆ ఫొటో చూపించి ఏడ్చినవాడు ఒక్కసారీ ఆ మచ్చ వంక చూడలేదు.

మడత పడకుండా పట్టుకున్నాను. అమ్మ ఇంకా ఆ ఊచల అవతలే ఉంది.