సరదాకి అన్న మాట

"లోపలికి రామ్మా," అంది టీచరమ్మ. లెక్కల మాస్టారి కూతురు గుమ్మం దాటలేదు.

కాలేజీలో వెనకబడ్డ పిల్లలకు పాఠాలు మళ్లీ చెప్పే గది అది. లెక్కల్లో రెండోసారి తప్పిన కూతుర్ని మాస్టారే బతిమాలి తీసుకొచ్చారు.

"నేను చెబితే ఏడుస్తుందమ్మా. మీకు ఓపికెక్కువ," అన్నారాయన.

"చెబుతాను సార్. ఇక్కడికి పిల్లలెవరూ రావట్లేదు. ఎందుకో అంతుపట్టట్లేదు. ఈ నెలాఖరుకి గది మూసేస్తారట."

"నేను రాను నాన్నా," అంది కూతురు.

"చదువుకోడానికి సిగ్గేమిటే?"

"క్లాసులో ఎవరు డౌటడిగినా 'పో, ఆ మొద్దుల గదిలో కూర్చో' అంటావుగా! అందరూ పగలబడి నవ్వుతారు. నేనూ నవ్వాను."

మాస్టారు టీచరమ్మ ముఖం చూడలేకపోయారు. "అదేదో సరదాకి..." అని నసిగారు.

కూతురు అప్పటికే మెట్లు దిగుతోంది. ఆయన వెంటపడి చెయ్యి పట్టుకున్నారు.

"ఇంకెప్పుడూ ఆ మాట అనను తల్లీ!"

"నువ్వు మానేస్తే ఏం లాభం నాన్నా? ఇప్పుడు నన్ను నేనే ఆ మాట అనుకుంటున్నాను."

ఆమె మెల్లగా చెయ్యి విడిపించుకుంది. ఆ తర్వాత మళ్లీ కాలేజీ గేటు దాటి లోపలికి రాలేదు.